తల్లి వాసనే బిడ్డకు తొలి పరిచయం

పురుడు వచ్చిన ఇంట అందరూ అడిగే ప్రశ్న "బిడ్డ ఎవరి పోలిక?" అన్నది. ఆ బిడ్డ తన తల్లిని ఎలా గుర్తిస్తుందన్న ఆలోచన మాత్రం అరుదు. అప్పుడే పుట్టిన శిశువుకు జానెడు దూరానికి మించి చూపు స్పష్టంగా ఆనదు. ఘ్రాణేంద్రియం మాత్రం గర్భంలోనే మేల్కొని ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక కుటుంబంవారు అయిదు దినాల పసికందుతో నా వద్దకు వచ్చారు. రొమ్ము అందించగానే బిడ్డ ముఖం త్రిప్పుకొని ఏడుస్తున్నది. దృష్టి తగిలిందేమోనని అమ్మమ్మగారి భయం. ముందుగా వారిని పిల్లల వైద్యుని వద్దకు పంపాను. పాలు త్రాగని నవజాత శిశువు విషయంలో ఒక్క పూట జాప్యం కూడా తగదు. వ్యాధి ఏదీ లేదని ఆయన నిర్ధారించిన పిమ్మట బాలింత దినచర్యను విచారించాను. పాలిచ్చే ప్రతిసారీ ముందుగా సువాసన సబ్బుతో రొమ్ము కడిగి, పౌడరు అద్దుతున్నారట! పైగా గదిలో రెండు పూటలా సాంబ్రాణి ధూపం. ఆ ధూపం వేయమన్నది నేనే.

మూడింటినీ మాన్పించాను. రెండు దినాలలో బిడ్డ కుదురుగా పాలు త్రాగసాగింది. ఒక్క బిడ్డను చూచి సిద్ధాంతం చేయరాదు; కారణం మరొకటి కూడా కావచ్చు. అయినా ఆ సంఘటన నన్ను ఆలోచింపజేసింది.

గర్భస్థ శిశువు ఉమ్మనీటిని మింగుతూ దాని వాసనకు అలవాటుపడుతుంది. తల్లి భుజించిన పదార్థాల వాసనలు కొన్ని ఆ నీటిలోకి, ప్రసవానంతరం పాలలోకి చేరుతాయి. చనుమొన చుట్టూ ఉండే చిన్న బుడిపెల నుండి స్రవించే ద్రవపు వాసన కూడా శిశువును ఆకర్షిస్తుంది. 1975లో మాక్‌ఫర్లేన్ అనే ఆంగ్ల వైద్యుడు తన పరిశీలనను ప్రకటించారు. తల్లి పాలతో తడిసిన మెత్తను ఒకవైపు, వేరొక బాలింత మెత్తను మరొకవైపు ఉంచగా, ఆరు దినాల శిశువులు తల్లి మెత్త వైపే ఎక్కువసేపు ముఖం త్రిప్పారు. 1994లో 'లాన్సెట్' వైద్య పత్రికలో మరొక పరిశీలన వెలువడింది. ప్రసవం కాగానే తల్లి రొమ్ములలో ఒకదానిని కడిగి, బిడ్డను రెండింటి మధ్య పడుకోబెట్టారు. 30 మంది శిశువులలో 22 మంది కడగని రొమ్మునే ఎన్నుకున్నారు!

మరి శాస్త్రం ధూపం చెప్పలేదా? చెప్పింది. చరక సంహిత శారీరస్థానంలో శిశువు వస్త్రాలకు, పడకకు, కప్పే దుప్పట్లకు ధూపం విధించబడింది. బిడ్డ ముఖానికి కాదు. గురుకులంలో ఆ భాగాన్ని కంఠస్థం చేసిన నేనే, పెద్దలు బిడ్డను పొగపై పట్టుకొంటుంటే ఎన్నో ఇళ్ళలో మౌనంగా ఉన్నాను. అది నా పొరపాటు. లేత ఊపిరితిత్తులకు పొగ హానికరం.

కనుక గృహిణులు పాటించవలసినవి ఇవి:

• బిడ్డ, తల్లి ఆరోగ్యంగా ఉంటే, పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి వక్షఃస్థలంపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచి పాలు పట్టించండి. ముర్రుపాలు పారబోయవద్దు.

• తొలి స్నానం కనీసం 24 గంటలు గడిచాకే చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

• బాలింతకు నిత్యస్నానం చాలు. పాలిచ్చే ముందు రొమ్ముకు సబ్బు, పౌడరు, అత్తరు పనికిరావు.

• పురిటి గదిలో సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు వెలిగించవద్దు. బిడ్డ బట్టలను ఎండలో ఆరవేస్తే చాలు. ధూపం పట్టించి తీరాలంటే బిడ్డకు దూరంగా పట్టించి, పొగ వాసన పోయేదాకా గాలికి ఆరవేయండి.

• తల్లి స్నానానికి వెళ్ళినపుడు బిడ్డను ఎత్తుకొనేవారు ఆమె కట్టి విడిచిన మెత్తని నూలుచీరను భుజాన వేసుకోండి. నిద్రించే బిడ్డ పక్కన మాత్రం ఆ వస్త్రాన్ని వదలవద్దు, ముక్కుకు అడ్డుపడవచ్చు.

ఇన్ని చేసినా బిడ్డ పాలు పట్టకపోయినా, మందకొడిగా ఉన్నా, మూత్రవిసర్జన తగ్గినా గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి. తక్కిన బిడ్డలకు తల్లి ఒడి చాలు. బాలింత గదికి వేరొక పరిమళం అక్కరలేదు.