నడిమి గుంజ లేని తలుపు

చార్మినార్ దాటి ఖిల్వత్ వైపు వెళ్తే చౌమహల్లా వస్తుంది. సలాబత్ జంగ్ కాలంలో 1750లో మొదలైన ఈ ప్రాసాదం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, 1857కీ 1869కీ మధ్య పూర్తయింది. చూడవచ్చినవాళ్ళ కళ్ళు దర్బారు హాలు షాండిలియర్ల దగ్గరే ఆగిపోతాయి. తలుపుల గడియలను పరికించేవాళ్ళు అరుదు. కానీ పాత మహళ్ళలోకి గాలీ వెలుతురూ నేల దాకా దిగిరాగలిగాయంటే, వాటిని లోపలికి రానిస్తూనే రాత్రిపూట ఇంటిని కాచే గడియ ఒకటి దొరికినందువల్లే. దాని కథ తెలుసుకోదగ్గది.

ఆ గడియ రాకముందు ఉన్నది దేవిడీ తలుపు, అంటే అమీరుల పాత భవంతుల వాకిలి తలుపు. వీధి ముఖాన మందపాటి చెక్కతో నిలువెత్తు రెక్కలు, వాటికి ఇనప పట్టీలు, లావుపాటి మేకులు. లోపలివైపు వెడల్పంతా ఒక దుంగ అడ్డంగా పడుతుంది, దాని కొసలు రెండూ గోడ తొర్రల్లో కూర్చుంటాయి. మన పల్లె లోగిళ్ళ అడ్డగడియదీ ఇదే పద్ధతి. బయటి నుంచి ఎంత తోసినా ఆ బలం తలుపు మీద ఆగదు, గోడకు చేరుతుంది. మనుషుల రాకపోకలకు పెద్ద రెక్కలోనే ఒక దిడ్డి ఉంటుంది. ఇలాంటి తలుపుకు గడియ ఎంత మోటుగా ఉంటే అంత మేలు.

ఫ్రెంచి తలుపు కోరేది దీనికి పూర్తిగా ఎదురు. అది తలుపే, కిటికీ కూడా. నేల నుంచి పైదాకా గాజు పలకలు బిగించిన రెండు సన్నని రెక్కలు. తెరిస్తే మధ్యలో ఏమీ మిగలకూడదు, తోటా ప్రాంగణమూ గదిలోకి వచ్చేయాలి. అందుకని నడిమి గుంజ తీసేశారు. చిక్కంతా అక్కడే మొదలైంది. మామూలు గడియ ద్వారబంధంలోకి దూరి పట్టు తెచ్చుకుంటుంది. ఇక్కడ రెక్కలు కలిసేచోట ద్వారబంధమే లేదు. ఊగే రెక్కకు మరో ఊగే రెక్కే దిక్కు. రెండూ కలిసి ఊగితే, గడియ పడినా తలుపు మూసినట్టు కాదు.

ఈ చిక్కును 17వ శతాబ్దపు ఫ్రాన్సు విప్పింది. 1665లో అక్కడ రాజాజ్ఞతో అద్దాల కర్మాగారం ఒకటి వెలిసింది. ఈనాడు మన గాజు దుకాణాల్లో వినిపించే సెయింట్ గోబెన్ పేరు దానిదే. వెర్సాయి ప్రాసాదంలో 1678లో మొదలై 1684లో ముగిసిన అద్దాల మందిరానికి తోటవైపు 17 కమాను కిటికీలు పెట్టారు. అంతంత ఎత్తు రెక్కలను మూసి ఉంచాలంటే చిన్న గొళ్ళెం చాలదు. ఆ కాలంలోనే ఎస్పన్యోలెట్ అనే గడియ రూపు దిద్దుకుంది.

ఒక రెక్క అంచు పొడవునా ఇనప కడ్డీ ఉంటుంది, నడుం ఎత్తున దానికో పిడి. పిడి తిప్పితే కడ్డీ తన చుట్టూ తాను తిరుగుతుంది. పై కొసకూ కింది కొసకూ ఉన్న కొక్కేలు ద్వారబంధంలోనూ గడపలోనూ ఉన్న పట్టులను అందుకుంటాయి. తర్వాత ఆ పిడినే మడిచి రెండో రెక్క మీది కొక్కేనికి తగిలిస్తే అదీ కదలదు. మధ్యలో దొరకని పట్టును తలుపు తన తలనుంచీ కాలినుంచీ తెచ్చుకుందన్నమాట. ఇంత చక్కటి ఆలోచన తలుపుల చరిత్రలో మరొకటి లేదని నా నమ్మకం.

దాని బలం లెక్క వేసి చూడవచ్చు. మే నెల సాయంత్రం హైదరాబాదులో ఈదురుగాలి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వీచిందనుకోండి. 2.4 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క మీద అది దాదాపు 24 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. నడుం దగ్గర ఒక్కచోటే గడియ ఉంటే పై మూల వంగి ఎగురుతుంది, కింది మూల టపటపా కొట్టుకుంటుంది, గాజు అదురుతుంది. పైనా కిందా పట్టు ఉంటే ఆ ఒత్తిడి నేరుగా గోడకు పోతుంది. దేవిడీ దుంగ చేసిన పనే ఇది, కాకపోతే అడ్డంగా కాక నిలువుగా. పైగా పిడి 16 సెంటీమీటర్లు, కొక్కెం 2 సెంటీమీటర్లు ఉంటే, మన చేతి బలం కొక్కెం దగ్గర సుమారు 8 రెట్లవుతుంది. వంకర తిరిగిన రెక్కను కూడా అది లాగి ద్వారబంధానికి అదిమేస్తుంది.

దీని తమ్ముడు క్రెమోన్. ఇందులో కడ్డీ తిరగదు. పిడి వెనక పెట్టెలో చిన్న పళ్ళచక్రం, దానికి అటొకటి ఇటొకటి పళ్ళున్న కడ్డీలు. పిడి తిప్పితే ఒకటి పైకి, ఒకటి కిందికి జారి రంధ్రాల్లో దిగుతాయి. వంకర రెక్కను ఎస్పన్యోలెట్ లాగినంత గట్టిగా ఇది లాగలేదు కానీ, చూపుకు నాజూకుగా ఉంటుంది.

ఫ్రెంచివాళ్ళు హైదరాబాదుకు చాలా ముందే వచ్చారు. 1756లో ఫ్రెంచి సేనాని బుస్సీ తన దళంతో ఇక్కడి చార్ మహల్‌లో మోహరించాడు. నిజాం సేనను తీర్చిదిద్దిన రేమండ్ 1798లో ఇక్కడే కన్నుమూశాడు. వాళ్ళు తెచ్చినవి ఫిరంగులూ కవాతులూ. ఈ తలుపులు మాత్రం తర్వాత వచ్చాయి, అదీ ఎక్కువగా ఇంగ్లీషు ఇంజనీర్ల నక్షల్లో. మూసీ అవతల 1803లో మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఐరోపా శైలి మీద అమీరుల మోజు పెంచింది. 1884లో అమీరు వికారుల్ ఉమ్రా విలియం వార్డ్ మారెట్ నక్షతో ఫలక్‌నుమా ప్రాసాదం కట్టించడం మొదలుపెట్టేనాటికి గాజు రెక్కలూ, గాలి ఆడే ఝిల్మిలీ పలకలూ గొప్పింటి ఆనవాళ్ళయ్యాయి.

ఐరోపా చలి కోసం పుట్టిన ఈ గడియ మన వానాకాలానికీ బాగా నప్పింది. కారణం కలప గుణంలో ఉంది. చెక్క తడి పీల్చినప్పుడు పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, పీచు పొడవున మాత్రం దాదాపు మారదు. తలుపు అంచు పట్టెల్లో పీచు నిలువుగా సాగుతుంది. అందుకే జూలైలో రెక్క వెడల్పు పెరిగి పక్కకు దూరే తాళాలు మొరాయిస్తాయి, ఎత్తు మాత్రం అలాగే ఉంటుంది. పైకీ కిందికీ వెళ్ళే కడ్డీ జూలైలోనూ తన రంధ్రాన్ని తాను వెతుక్కోగలదు.

ఇప్పటి ఇళ్ళలో కడ్డీ బదులు పైనొకటి కిందొకటి టవర్ బోల్టులు బిగిస్తున్నారు, నడుమ ఒక అల్ డ్రాప్. ఖర్చు తక్కువే, కానీ పై బోల్టు చేతికి అందదు. స్టూలు వేసుకుని రోజూ ఎవరు వేస్తారు? నెల తిరక్కుండానే కింది బోల్టు ఒక్కటే వాడుకలో ఉంటుంది. ఒకే చేత్తో, ఒకే మలుపుతో రెండు కొసలూ బిగించడం కడ్డీ గొప్పతనం. వాడటానికి కష్టమైన గడియ కాగితం మీద ఎంత గట్టిదైనా ఇంటికి కాపలా కాయదు.

అయినా కడ్డీకి తీరని లోటు ఒకటుంది. గాజు పగలగొట్టి చెయ్యి లోపలికి పెడితే పిడి అందుతుంది. ఊచలు బిగిద్దామంటే అది తలుపు, మనుషులు తిరగాలి. అందుకే ఈనాడు చాలాచోట్ల గాజు తలుపు ముందు ఛానెల్ గేటు వేలాడుతోంది, గుంజ తీసి తెచ్చుకున్న వెలుతురును పోగొడుతోంది. దానికన్నా మంచి దారులున్నాయి. పిడిలోనే తాళం ఉండాలి. అమెరికాలో లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందిన పిన్నుల తాళమే నేటికీ ఆ పిడుల్లో ఎక్కువగా ఉంటుంది. తాళంచెవి పళ్ళు పిన్నులన్నిటినీ సరిగ్గా ఒకే గీతకు తెస్తేనే లోపలి గొట్టం తిరుగుతుంది. గాజు కూడా పగిలినా ఊడిపోనిదై ఉండాలి. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించే ఆ లామినేటెడ్ గాజుకు 1909లో పేటెంటు పొందిన బెనెడిక్టస్ కూడా ఫ్రెంచివాడే. బయటికి తెరుచుకునే తలుపైతే బందుల వైపూ చూడాలి, సీల ఊడదీస్తే రెక్క మొత్తం వచ్చేస్తుంది. ఇక తాళంచెవి గాజు పక్కన వేలాడకూడదు, అలాగని ఇంట్లోవాళ్ళకు తెలియనిచోటా ఉండకూడదు. అగ్నిప్రమాదంలో ఈ తలుపే ప్రాణం కాపాడే దారి.

యూపీవీసీ తలుపుల మల్టీపాయింట్ లాక్ చూసి కొత్త వస్తువనుకుంటాం. జర్మనీలో విల్‌హెల్మ్ ఫ్రాంక్ 1935లో కిటికీ బిగింపులను ఫ్యాక్టరీలో తయారుచేయడం మొదలుపెట్టాక ఈ దారి విశాలమైంది. పిడి తిప్పితే అంచు గాడిలో దాగిన పట్టీ జారి, రెక్క పొడవునా నాలుగైదు చోట్ల పట్టు దొరుకుతుంది. వెర్సాయి కడ్డీయే గాడిలోకి దూరి మరికొన్ని చేతులు తొడుక్కుంది.

పాత కడ్డీలకు శత్రువు దొంగకన్నా రంగు. ఏళ్ళ తరబడి పొర మీద పొర పూయడంతో కడ్డీ తన కొలికిలకు అతుక్కుపోతుంది. రెండో శత్రువు కింది రంధ్రంలో చేరే దుమ్ము. కడ్డీ సగమే దిగుతుంది, పిడి మాత్రం పూర్తిగా తిరిగినట్టనిపిస్తుంది, ఇంటివాళ్ళు తలుపు పడిందనుకుంటారు. రంగు గీకి, రంధ్రం శుభ్రం చేసి, గ్రాఫైట్ పొడి చల్లితే చాలామట్టుకు మళ్ళీ నడుస్తాయి. పాత ఇళ్ళు కూలగొట్టినప్పుడు అమ్మకానికి వచ్చే జంట రెక్కలను కొనేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కడ్డీ రెక్కతో వస్తుంది, దాని పట్టులు ద్వారబంధంలోనూ గడపలోనూ ఉండిపోతాయి. గునపం వేసేముందే వాటిని ఊడదీయించి, రెక్కతోపాటు మూటకట్టించుకోవాలి.