గుడ్డు లేకుండా బ్రెడ్ పొడి ఎలా అంటుకుంటుంది?



బంగాళాదుంప కట్‌లెట్‌ను మీలో చాలామంది తినే ఉంటారు. రైలు ప్రయాణంలోనో, బేకరీలోనో, స్నేహితుల పుట్టినరోజు విందులోనో ఇది కనిపిస్తుంది. లోపల మెత్తని కూర, పైన కరకరలాడే బ్రెడ్ పొడి. ఈ పొడిని అంటించడానికి చాలా వంట పుస్తకాలు ఒకే పద్ధతి చెబుతాయి. కూర ముద్దను మొదట మైదాలో దొర్లించాలి. తరువాత గిలకొట్టిన కోడిగుడ్డులో ముంచాలి. చివరకు బ్రెడ్ పొడిలో దొర్లించి నూనెలో వేయించాలి.

మన దేశంలో గుడ్డు తినని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీరే కాక, గుడ్డు శరీరానికి పడని పిల్లలు కూడా ఉన్నారు. దీన్నే గుడ్డు ఎలర్జీ అంటారు. అలాంటి పిల్లలకు కట్‌లెట్ పైనున్న పలుచటి గుడ్డు పూత కూడా ప్రమాదం తేవచ్చు. మరి వారు ఈ వంటకాన్ని వదులుకోవలసిందేనా? అక్కర్లేదు. గుడ్డు అక్కడ ఏ పని చేస్తున్నదో తెలిస్తే, అదే పని చేసే వస్తువులు మన వంటింట్లోనే దొరుకుతాయి.

గుడ్డు చేసే పని ఏమిటి?

గుడ్డు తెల్లసొనలో సుమారు 88 శాతం నీరు, 10 శాతం ప్రోటీన్లు ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు అది జిగటగా ఉండి పొడిని పట్టి ఉంచుతుంది. ఇది మొదటి పని. తెల్లసొనలోని ప్రోటీన్ అణువులు దారపు ఉండల్లా చుట్టుకొని ఉంటాయి. వేడి తగలగానే ఈ ఉండలు విప్పుకొని, ఒకదానితో ఒకటి పెనవేసుకొని వలలా ఏర్పడతాయి. ఈ మార్పు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలై, 80 డిగ్రీలు దాటేసరికి దాదాపు పూర్తవుతుంది. ఈ వల పొడిని గట్టిగా బిగించి పట్టుకుంటుంది. ఇది రెండో పని, అన్నిటికన్నా ముఖ్యమైనది.

మూడోది రంగు. ప్రోటీన్లు, చక్కెరలు వేడికి కలిసి చర్య జరిపి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరు మీద దీనిని మెయిలార్డ్ చర్య అంటారు. బ్రెడ్ పొడిలోనూ ప్రోటీన్లు, చక్కెరలు ఉంటాయి కాబట్టి గుడ్డు లేకపోయినా ఈ రంగు వస్తుంది.

అంటే మనకు కావలసినది చల్లగా ఉన్నప్పుడు జిగటగా ఉండి, వేడికి గట్టిపడే పదార్థం.

ఆ పనిని ఇంకేవి చేస్తాయి?

మైదా, మొక్కజొన్న పిండి: వీటిలోని పిండిపదార్థం చిన్న చిన్న రేణువుల రూపంలో ఉంటుంది. నీటితో కలిపి వేడి చేస్తే, సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఈ రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బి జిగురుగా మారతాయి. పుస్తకాలు అంటించడానికి ఇంట్లో కాచే మైదా జిగురు రహస్యం ఇదే. రెండు టేబుల్ స్పూన్ల మైదా, ఒక టేబుల్ స్పూన్ మొక్కజొన్న పిండిని సుమారు ఆరు టేబుల్ స్పూన్ల నీటిలో ఉండలు లేకుండా కలపండి. బజ్జీల పిండి కన్నా పలుచగా, చిక్కటి మజ్జిగలా ఉండాలి. నీరు ఎక్కువైతే పొడి జారిపోతుంది, తక్కువైతే పూత మందంగా, పిండి రుచితో ఉంటుంది.

శనగపిండి: ఇందులో పిండిపదార్థంతోపాటు సుమారు 20 శాతం ప్రోటీన్లు కూడా ఉన్నాయి. రెండూ వేడికి గట్టిపడతాయి. మిరపకాయ బజ్జీ మీద పూత గుడ్డు లేకుండానే నిలబడేది ఇందువల్లనే.

గట్టి పెరుగు: పాల ప్రోటీన్లు పెరుగులో ముందే వలలా అల్లుకొని ఉంటాయి. అందుకే అది పొడిని బాగా పట్టుకుంటుంది. నీరు తేరిన పెరుగైతే ముందుగా పలుచటి గుడ్డలో వడకట్టాలి.

అవిసె గింజలు: ఒక టేబుల్ స్పూన్ అవిసె పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీటిలో పది నిమిషాలు నానబెడితే సాగే జిగురు వస్తుంది. ఇది గుడ్డులా గట్టిపడదు కానీ పొడిని పట్టి ఉంచుతుంది.

కొన్నిసార్లు వేరే జిగురు కూడా అక్కర్లేదు. కొంకణ తీరంలో తడి మసాలా పట్టించిన చేపముక్కను నేరుగా బొంబాయి రవ్వలో అద్ది వేయిస్తారు. ఆ తడే రవ్వను పట్టుకుంటుంది.

పొడి ఎందుకు రాలిపోతుంది?

"గుడ్డు వేయలేదు, అందుకే రాలిపోయింది" అని చాలామంది అనుకుంటారు. తరచుగా కారణం గుడ్డు లేకపోవడం కాదు, నీరు. నీరు ఆవిరిగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ముద్ద పైన తడి ఉంటే, 170 నుంచి 180 డిగ్రీల నూనెలో పడగానే ఆ ఆవిరి పూతను లోపలి నుంచి తోసేస్తుంది. కాబట్టి ఉడికించిన బంగాళాదుంపను బాగా ఆరనిచ్చి మెదపాలి. ముద్దకు మొదట పొడి మైదా పలుచగా అద్దాలి. ఇది తడిని పీల్చుకుంటుంది. తరువాతే జిగురులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి, అరచేతితో మెల్లగా నొక్కాలి.

తరువాత 15 నుంచి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా బ్రెడ్ పొడి జిగురులోని నీటిని పీల్చుకొని గట్టిగా అంటుకుంటుంది. నూనెలో ఒకేసారి ఎక్కువ ముక్కలు వేయకండి. వేస్తే నూనె చల్లబడుతుంది, పైపొర గట్టిపడేలోగా పూత విడిపోతుంది.

ఎలర్జీ ఉన్న పిల్లల విషయంలో

గుడ్డు ఎలర్జీలో శరీర రక్షణ వ్యవస్థ గుడ్డు ప్రోటీన్లను శత్రువులుగా పొరబడుతుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు రావచ్చు. ఊపిరి ఆడకపోవడం, సొమ్మసిల్లడం వంటివి కనిపిస్తే ఏ మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గుడ్డులోని ఓవోమ్యూకాయిడ్ అనే ప్రోటీన్ వేడిని బాగా తట్టుకుంటుంది. అందువల్ల "బాగా వేయించాం కదా" అనుకోవడం భద్రత కాదు. ఏది తినవచ్చో వైద్యుడే చెప్పాలి.

ఇంకో సంగతి. గుడ్డు పూసిన కట్‌లెట్లు వేయించిన నూనెలోనే గుడ్డు లేనివి కూడా వేయిస్తే ప్రయోజనం లేదు. గుడ్డు తగిలిన పళ్ళెం, గరిటె, బ్రెడ్ పొడి కూడా పనికిరావు. మొదట గుడ్డు లేనివి చేసి పక్కన పెట్టడం మేలు. కొన్ని బేకరీల్లో బన్నులకు మెరుపు కోసం గుడ్డు పూస్తారు, కాబట్టి కొన్న బ్రెడ్ పొట్లం మీది వివరాలు చదవండి. మన దేశపు 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గుడ్డు ఉన్న ప్యాకెట్ ఆహారాలపై ఆ సంగతి తెలపాలి. ఆకుపచ్చ గుర్తు గుడ్డు వాడలేదని చెబుతుంది. అదే యంత్రం మీద గుడ్డు పదార్థాలు తయారు కాలేదని మాత్రం చెప్పదు.

గుడ్డు లేనంత మాత్రాన ఆ కట్‌లెట్ అందరికీ సరిపడుతుందని అనుకోకూడదు. గోధుమ పడని పిల్లలకు మైదా, బ్రెడ్, రవ్వ పనికిరావు. వారికి బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి జారుగా కలిపి, పైన దంచిన అటుకులు అద్దవచ్చు. పాలు పడని వారికి పెరుగు వద్దు. అందుకే వండే ముందు "ఏది పడదు?" అని అడిగి తెలుసుకోవాలి.

మీరే పరీక్షించండి

ఒకే పరిమాణంలో కోసిన, కొద్దిగా ఉడికించిన బంగాళాదుంప ముక్కలు నాలుగు తీసుకోండి. ఒకదాన్ని నీటిలో, మిగతావాటిని మైదా జారులో, శనగపిండి జారులో, పెరుగులో ముంచి బ్రెడ్ పొడి అద్దండి. అన్నిటినీ ఒకే వేడి మీద, ఒకే సమయం పాటు పెద్దల చేత వేయించండి. ఏ ముక్క మీద పూత ఎక్కువ నిలిచింది? ఏది త్వరగా ఎర్రబడింది? పట్టికలో రాయండి. నీటిలో ముంచిన ముక్క ఎందుకు కావాలో కూడా ఆలోచించండి. దానితో పోల్చినప్పుడే మిగతావాటి బలం తెలుస్తుంది.

చివరగా ఒక ప్రశ్న. కేకులో కూడా గుడ్డు వాడతారు. అక్కడ దాని పని అంటించడం ఒక్కటేనా? గుడ్డు లేని కేకులో ఆ పనులను ఏవి చేస్తున్నాయో మీ ఉపాధ్యాయులతో చర్చించండి.