పరీక్షలు నెగెటివ్ వచ్చినా వీడని భయం: జననేంద్రియ లక్షణాలు, ఆరోగ్య ఆందోళన

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• సుఖవ్యాధి పరీక్షలో ‘నెగెటివ్’ ఫలితం ఏం చెబుతుందో, ఏం చెప్పదో వివరించగలుగుతారు.
• వ్యాధి లేకపోయినా మంట, దురద, తెల్లబట్ట వంటి లక్షణాలు ఎందుకు కొనసాగుతాయో గుర్తించగలుగుతారు.
• ఆరోగ్య ఆందోళన ఏ విధంగా పెరుగుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవచ్చో చెప్పగలుగుతారు.
• మళ్ళీ వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలో, పరీక్షలు ఎప్పుడు ఆపాలో తేల్చుకోగలుగుతారు.

2. ప్రవేశిక

తరగతి ముగిశాక, మిగిలినవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి ఇది: “పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి సార్. కానీ మంట తగ్గలేదు. పరీక్షలోనే పొరపాటు జరిగి ఉంటుందా?” అడిగేవారికి ఇది చాలా పెద్ద బాధ. ఇంట్లో చెప్పుకోలేరు. స్నేహితులకు చెబితే నవ్వుతారేమోనని భయం. వైద్యుడు “నీకేం లేదు, వెళ్ళు” అంటే తన మాట నమ్మలేదని మరింత కుంగిపోతారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇరవై ఆరేళ్ళ యువకుడు. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. కొన్ని నెలల క్రితం ఒకసారి కండోమ్ లేకుండా లైంగిక సంబంధం జరిగింది. రెండు వారాల తరువాత మూత్రంలో మంట అనిపించింది. నెలన్నరకు ఒకసారి, మూడు నెలలు నిండాక మరొకసారి పరీక్షలు చేయించుకున్నాడు. అన్నీ నెగెటివ్. రెండు రోజులు హాయిగా ఉన్నాడు. మూడో రోజు “శాంపిల్ మారిపోయి ఉంటే?” అన్న ఆలోచన వచ్చింది. మరో ల్యాబుకు వెళ్ళాడు. రోజూ స్నానాల గదిలో ఫోను టార్చి వేసి చర్మాన్ని పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు వాడాడు. చివరకు పెళ్ళి వద్దన్నాడు, పరీక్ష ఫీజు కట్టలేదు. సుఖవ్యాధి అతనికి లేదు. అయినా ఒక సుఖవ్యాధి చేసేదానికన్నా ఎక్కువ నష్టం అప్పటికే జరిగింది.

ఈ స్థితిని ‘ఆరోగ్య ఆందోళన’ అంటారు. ఇది స్త్రీలలోనూ పురుషులలోనూ కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మూడు ప్రశ్నలను విడివిడిగా చూడాలి: పరీక్ష ఏం చెప్పింది? లక్షణం ఎందుకు వస్తోంది? భయం ఎందుకు పోవడం లేదు?

3. ‘నెగెటివ్’ అంటే ఏమిటి?

క్రిమి శరీరంలో ప్రవేశించిన రోజే పరీక్షలో కనిపించదు. మధ్యలో కొంత వ్యవధి ఉంటుంది. దీన్ని ‘విండో పీరియడ్’ అంటారు. హెచ్.ఐ.వి.కి ల్యాబులో చేసే నాలుగో తరం రక్తపరీక్ష 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే దాన్ని నమ్మవచ్చు. కేవలం యాంటీబాడీలను చూసే పరీక్షలకు 90 రోజులు ఆగాలి. సిఫిలిస్ (సవాయి) రక్తపరీక్షకు కూడా మూడు నెలల గడువు తీసుకుంటారు. గనేరియా (సెగవ్యాధి), క్లమీడియాలకు మూత్రం లేదా స్రావం తీసి, క్రిమి జన్యుపదార్థం కోసం చేసే పరీక్ష సుమారు రెండు వారాల తరువాత నమ్మదగినది.

కాబట్టి నెగెటివ్ ఫలితానికి మూడు షరతులు ఉన్నాయి: గడువు పూర్తి కావాలి, సరైన శాంపిల్ ఇవ్వాలి, అనుమానించిన వ్యాధికి తగిన పరీక్ష అయి ఉండాలి. ఒక్క హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుని అన్ని సుఖవ్యాధులూ లేవనుకోవడం పొరపాటు. ఈ మూడూ నెరవేరి, ఆ తరువాత కొత్తగా రక్షణ లేని సంబంధం ఏదీ జరగకపోతే, ఆ ఫలితమే తుది సమాధానం. నెల తరువాత చేసినా, ఏడాది తరువాత చేసినా అదే సమాధానం వస్తుంది.

“మరొకసారి చేయించుకుంటే నష్టమేముంది?” అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. ఒక పరీక్ష వ్యాధి లేనివారిలో నూటికి 99 మందికి సరిగ్గా నెగెటివ్ చూపుతుందని లెక్క కోసం అనుకుందాం. వ్యాధి లేని 1000 మందికి ఆ పరీక్ష చేస్తే 10 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. అవసరం లేకుండా పరీక్షలు పెంచుకుంటూ పోతే, లేని వ్యాధి ఉన్నట్లు కనిపించే అవకాశం కూడా పెరుగుతుంది. మన దేశంలోని సమగ్ర సలహా, పరీక్షా కేంద్రాలలో (ఐ.సి.టి.సి.) హెచ్.ఐ.వి. ఉందని నిర్ధారించే ముందు మూడు వేర్వేరు పరీక్షలు చేయడానికి కారణం ఇదే.

4. లక్షణం నిజమే, కారణం వేరు

“అంతా నీ భ్రమ” అన్న మాట శాస్త్రీయం కాదు. మంట నిజంగానే ఉంటుంది, దురద నిజంగానే ఉంటుంది. అయితే జననేంద్రియాల దగ్గర వచ్చే ప్రతి బాధా సుఖవ్యాధి కాదు. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి:

• మూత్రం చిక్కబడటం. ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగితే మూత్రంలో మంట వస్తుంది. మన ఇళ్ళలో దీన్నే ‘వేడి చేసింది’ అంటారు.
• అతిగా కడగటం. భయంతో రోజుకు నాలుగైదుసార్లు సబ్బుతో, యాంటీసెప్టిక్ ద్రవంతో కడిగితే అక్కడి పలుచని చర్మం ఎండి మండుతుంది. ఆ మంటను చూసి మళ్ళీ కడుగుతారు.
• గజ్జల్లో తామర. ఇది శిలీంధ్రం వల్ల వస్తుంది. దుకాణంలో అడిగి కొనే స్టెరాయిడ్ కలిసిన క్రీములతో ముందు తగ్గినట్లనిపించి, తరువాత మొండిగా మారుతుంది.
• కాండిడా అనే శిలీంధ్రం. దీనివల్ల దురద, పెరుగు విరిగినట్లుండే తెల్లని స్రావం వస్తాయి. మధుమేహం ఉన్నవారిలోనూ, యాంటీబయాటిక్‌లు వాడినవారిలోనూ ఇది ఎక్కువ.
• కటి ప్రాంతపు కండరాల బిగుతు. మనసు ఆందోళనగా ఉన్నప్పుడు భుజాలు బిగుసుకున్నట్లే, మూత్రాశయం కింది కండరాలూ బిగుసుకుంటాయి. దానివల్ల పొత్తికడుపులో లాగినట్లుండటం, మాటిమాటికీ మూత్రం రావడం జరుగుతుంది.
• సహజ నిర్మాణాలు. శిశ్నం తల అంచున వరుసగా ఉండే చిన్న బొడిపెలు, చర్మంలో లేత పసుపు చుక్కల్లా కనిపించే తైలగ్రంథులు వ్యాధులు కావు. స్త్రీలలో ఋతుచక్రాన్ని బట్టి పలుచగానో, జిగటగానో వచ్చే వాసన లేని తెల్లబట్ట కూడా సహజమే. ఇవి ఎప్పటినుంచో ఉన్నవే. భయం మొదలయ్యాక మాత్రమే కంటబడతాయి.

చిన్న అభ్యాసం: చదవడం ఆపి, ఒక నిమిషం మీ ఎడమ అరికాలి మీదే దృష్టి పెట్టండి. ఏదో చురుకో, దురదో, వెచ్చదనమో తెలుస్తుంది. అది ఇప్పుడు పుట్టింది కాదు. మీ దృష్టి దాన్ని పైకి తెచ్చింది. రోజంతా ఒక అవయవాన్నే గమనించేవారికి అక్కడి ప్రతి చిన్న స్పర్శా పెద్ద సంకేతంగా అనిపించడం సహజం.

5. భయం తనను తాను ఎలా పోషించుకుంటుంది?

బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ 1986లో ఈ విషయంపై ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చారు. వారి ప్రకారం, ఆందోళనను తగ్గించుకోవడానికి మనిషి చేసే పనులే దాన్ని నిలబెడతాయి. దీన్ని ఒక చక్రంగా చూడండి. శరీరంలో ఏదో అనిపిస్తుంది. “ఇది సుఖవ్యాధే” అన్న ఆలోచన వస్తుంది. భయం పుడుతుంది. వెంటనే చర్మాన్ని చూసుకోవడం, ఇంటర్నెట్‌లో వెతకడం, మరో పరీక్ష చేయించడం జరుగుతాయి. కొంత ఊరట వస్తుంది. “పరీక్ష చేయించుకుంటేనే నాకు ఊరట” అని మనసు నేర్చుకుంటుంది. తరువాతి అనుమానానికి మళ్ళీ పరీక్షే కావాలి.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా గుర్తించండి. పరీక్ష ‘క్రిమి ఉందా?’ అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. ఆందోళన పడే మనసు అడిగేది ‘ఇక ఎన్నటికీ, ఏ కొంచెమూ అనుమానం లేదని హామీ ఇస్తావా?’ అని. ఆ హామీని ప్రపంచంలోని ఏ ల్యాబూ ఇవ్వలేదు. పదో పరీక్ష కూడా విఫలమయ్యేది అందుకే.

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ప్రచురించిన డి.ఎస్.ఎం.-5 వర్గీకరణలో, శారీరక లక్షణాలు లేకుండా లేదా స్వల్పంగా ఉండి, తీవ్ర వ్యాధి ఉందేమోనన్న చింత ఆరు నెలలైనా కొనసాగితే దాన్ని ‘అనారోగ్య ఆందోళన రుగ్మత’గా పేర్కొన్నారు. అంతకన్నా తక్కువ కాలం ఉన్న ఆందోళనకు ఆ పేరు తగదు, కానీ సహాయం తప్పక తగుతుంది.

6. మన సమాజంలో ఈ భయానికి ఉన్న ప్రత్యేకత

గుండెజబ్బు భయంలో లేనిది ఒకటి ఈ భయంలో ఉంటుంది. అది అపరాధ భావన. “తప్పు చేశాను కాబట్టి శిక్ష పడి తీరాలి” అన్న నమ్మకం లోపల పనిచేస్తుంటే, నెగెటివ్ రిపోర్టు అబద్ధంలా తోస్తుంది. పశ్చాత్తాపం నైతిక విషయం, ఇన్‌ఫెక్షన్ జీవశాస్త్ర విషయం. క్రిమికి మనిషి గుణదోషాలతో పనిలేదు. అపరాధ భావన బాధిస్తుంటే దాని గురించే ఒక కౌన్సెలర్‌తో మాట్లాడాలి. రక్తపరీక్ష దానికి మందు కాదు.

ధాతువు పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న నమ్మకం కూడా ఇలాంటి బాధకే దారితీస్తుంది. మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇటువంటి భయాల మీదే గోడలపై ‘గుప్తరోగ’ ప్రకటనల వ్యాపారం నడుస్తుంది. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం, సుఖవ్యాధులను నయం చేస్తామంటూ ప్రజలకు మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. అలాంటి ప్రకటన కనిపిస్తే అది చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి.

7. ఏం చేయాలి?

(అ) ఒకే వైద్యుణ్ణి ఎంచుకోండి. చర్మ, సుఖవ్యాధుల నిపుణుడైతే మంచిది. ప్రభుత్వ ఆసుపత్రులలోని ‘సురక్ష క్లినిక్’లలో సేవలు ఉచితం. హెచ్.ఐ.వి. వివరాల గోప్యతకు 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రక్షణ ఇస్తుంది. జరిగింది, జరిగిన తేదీ దాచకుండా చెప్పండి. “ఈ పరీక్షలు సరిపోతాయా? గడువు పూర్తయిందా?” అని ఒక్కసారి స్పష్టంగా అడిగి, జవాబు కాగితంపై రాసుకోండి.

(ఆ) సరిపోతాయని వైద్యుడు చెప్పాక పరీక్షలు ఆపండి. అనుమానం వచ్చినప్పుడు ఆ కాగితాన్ని కూడా పదేపదే చదవకండి. చదవడమూ ఒక తనిఖీయే అవుతుంది.

(ఇ) చూసుకోవడాన్ని క్రమంగా తగ్గించండి. రోజుకు పదిసార్లయితే ఈ వారం ఐదు, పై వారం రెండు. ఇంటర్నెట్‌లో లక్షణాలు వెతకడం మానండి. మొదటి కొద్ది రోజులు భయం పెరుగుతుంది. అది సహజం. చూసుకోకుండా ఆగితే కొంతసేపటికి భయం దానంతటదే తగ్గుతుందని మనసు నేర్చుకునేది ఈ దశలోనే.

(ఈ) చర్మానికి విశ్రాంతినివ్వండి. మామూలు నీళ్ళతో కడగటం, వదులైన నూలు లోదుస్తులు, తగినంత నీరు. వైద్యుని చీటీ లేకుండా క్రీములు, యాంటీబయాటిక్‌లు వద్దు.

(ఉ) నిద్ర, చదువు, పని దెబ్బతింటుంటే మానసిక నిపుణుణ్ణి కలవండి. సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స (సి.బి.టి.) ఈ సమస్యకు పనిచేస్తుందని తేలింది. పీటర్ టైరర్ బృందం ఇంగ్లండ్ ఆసుపత్రులలో ఆరోగ్య ఆందోళన ఉన్న 444 మందిపై చేసి, 2014లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారికి మిగిలినవారికన్నా ఎక్కువ ఉపశమనం కలిగింది. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకడమే వృథా అన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు ఫోను చేయండి. హెచ్.ఐ.వి. సందేహాలకు 1097 ఉంది.

8. మళ్ళీ వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి?

పరీక్షలు ఆపమన్నామంటే శరీరాన్ని పట్టించుకోవద్దని కాదు. పుండు, పొక్కులు, చీములాంటి స్రావం, మూత్రంలో రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, కలయిక తరువాత రక్తస్రావం, జ్వరంతో పొత్తికడుపు నొప్పి కనిపిస్తే తప్పక వెళ్ళాలి. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి. భాగస్వామికి వ్యాధి ఉందని తేలినా, కొత్తగా రక్షణ లేని సంబంధం జరిగినా మళ్ళీ పరీక్ష అవసరం. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే నివారణ మందులు అలాంటి సంఘటన జరిగిన 72 గంటలలోపే మొదలుపెట్టాలి. వీటన్నిటిలోనూ కొత్తగా కనిపించే గుర్తో, కొత్త సంఘటనో ఉంది. పాత సంఘటన, పాత అనుమానం మాత్రమే ఉంటే మళ్ళీ పరీక్ష అవసరం లేదు.

9. సారాంశం

గడువు దాటిన తరువాత, సరైన శాంపిల్‌తో, తగిన పరీక్షలో వచ్చిన నెగెటివ్ ఫలితం నమ్మదగినది. అయినా లక్షణం ఉంటే దానికి వేరే కారణం వెతకాలి. అదే వ్యాధి కోసం మళ్ళీ మళ్ళీ వెతకకూడదు. పదేపదే పరీక్షించుకోవడం, చూసుకోవడం, హామీ అడగటం ఆందోళనను పెంచుతాయి. వీటిని క్రమంగా తగ్గిస్తే, అవసరమైతే నిపుణుల సహాయం తీసుకుంటే చాలామంది బాగుపడతారు. మీ స్నేహితుడో, స్నేహితురాలో ఈ విషయం మీతో చెబితే “ఏమీ లేదులే” అని కొట్టివేయకండి. “బాధ నిజమే, కారణం వేరు కావచ్చు. ఒక్కసారి సరైన వైద్యుణ్ణి కలుద్దాం పద” అనండి.

10. మాదిరి ప్రశ్నలు

1. విండో పీరియడ్ అంటే ఏమిటి? నెగెటివ్ ఫలితాన్ని నమ్మడానికి ఉండవలసిన మూడు షరతులను రాయండి.
2. అనవసరంగా పరీక్షలు పెంచడం వల్ల తప్పుడు పాజిటివ్‌లు ఎలా వస్తాయో ఉదాహరణతో వివరించండి.
3. ఆరోగ్య ఆందోళన చక్రాన్ని వివరించి, దాన్ని ఏ దశలో ఆపవచ్చో చర్చించండి.
4. ప్రవేశికలోని యువకుడు మీ సలహా కోరితే, మొదటి నాలుగు వారాలకు ఏ ప్రణాళిక సూచిస్తారు?