ఆగిన వేళ
హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారుకు నాలుగు వైపులా 1889లో గడియారాలను అమర్చారు. గడియారం ఆగిపోతే, ఆగిన వేళను దాని ముళ్లే చూపుతాయి. ప్రభుత్వ సేవలకు ఆధారమైన డేటాబేస్‌కు ఆ గుణం లేదు. విద్యుత్తు పోయి హఠాత్తుగా ఆగినప్పుడు ఆ సమయాన్ని వ్రాసుకునే వ్యవధి దానికుండదు. తిరిగి లేచాక తన ప్రారంభ సమయాన్ని మాత్రం చెప్పగలదు.

అందువలన వేరొక కంప్యూటరు దానిని నిమిషానికొకసారి పలకరించి, జవాబు వచ్చినదా లేదా అన్నదీ, ప్రారంభ సమయమూ నమోదు చేస్తుంది. కొంతసేపు జవాబు రాక, మళ్లీ వచ్చినప్పుడు ప్రారంభ సమయం మారి ఉంటే డేటాబేస్ ఆగి లేచినదన్నమాట. మారకపోతే అది నడుస్తూనే ఉన్నది. దోషాన్ని ముందుగా దారిలో, అంటే నెట్‌వర్కులో వెదకాలి. జవాబులన్నీ సక్రమంగా వచ్చినా ప్రారంభ సమయం మారితే, రెండు పలకరింపుల నడుమ అది పడి లేచినట్లే.

లభ్యత 99.9 శాతమన్న మాట ఘనంగా వినిపిస్తుంది. లెక్కిస్తే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాల అంతరాయం! అది అర్ధరాత్రులలో చెదురుమదురుగా వస్తే ఎవరికీ పట్టదు. ఉపకారవేతన దరఖాస్తుల చివరి రోజున, ఆదాయ ధ్రువపత్రం కోసం విద్యార్థులు మీసేవ కేంద్రంలో బారులు తీరిన పగటిపూటే వస్తే? శాతం మాత్రం 99.9గానే ఉంటుంది.