ఉత్తర కొసన రెండు విమానాశ్రయాలు: దూరమెంత? కాలమెంత?



దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మనందరం లెక్కల పుస్తకంలో చదువుకున్నాం. ఆ లెక్కను అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, ఉత్తర ధ్రువ సముద్రం ఒడ్డున ఉన్న రెండు విమానాశ్రయాల మధ్య చేసి చూద్దాం. ఒకటి ఉట్కియాగ్విక్. 2016 వరకు దీన్ని బారో అనేవారు. జనాభా సుమారు 5 వేలు. రెండోది దానికి తూర్పున ఉన్న డెడ్‌హార్స్. అంటే చచ్చిన గుర్రం! పేరు ఎలా ఉన్నా, 1968లో ఆ పక్కనే ప్రూడో బేలో చమురు బయటపడ్డాక ఆ చోటుకు ప్రాముఖ్యం వచ్చింది.

ముందు దూరం సంగతి. గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి, భూమధ్యరేఖ దగ్గరి కొలత ప్రకారం లెక్కిస్తే ఈ రెండింటి మధ్య దాదాపు 1000 కి.మీ. వస్తుంది. అసలు దూరం సుమారు 330 కి.మీ. మాత్రమే. ఇంత తేడా ఎందుకు? పుచ్చకాయను చూడండి. దాని చారలు నడుమ దూరంగా ఉండి, తొడిమ దగ్గరికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. రేఖాంశాలూ అంతే. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే 111 కి.మీ.; 71వ అక్షాంశం దగ్గర 36 కి.మీ. మాత్రమే. చాలా గోడ పటాల్లో మాత్రం రేఖాంశాలను పైదాకా నిలువుగా, సమాన దూరంలో గీస్తారు. కాబట్టి ధ్రువానికి దగ్గరున్న దేశాలన్నీ సాగిపోయి కనిపిస్తాయి. హైదరాబాద్, విశాఖల మధ్య రేఖాంశాల తేడా 5 డిగ్రీలకు లోపే, గాలిదారి సుమారు 500 కి.మీ. అలాస్కా ఊళ్ల మధ్య తేడా 8 డిగ్రీలు దాటినా దూరం అంతకన్నా తక్కువ! గ్లోబు దొరికితే దారం పెట్టి కొలవండి, గోడ పటాన్ని నమ్మకండి.

ఇక కాలం. గంటకు 800 కి.మీ. వేగంతో పోయే జెట్ విమానానికి 25 నిమిషాలు చాలాలి. కాని రన్‌వే దాకా నడవాలి, పైకి ఎక్కాలి, ఎక్కీ ఎక్కగానే దిగడం మొదలుపెట్టాలి. పూర్తి వేగం అందేది కాసేపే. అందుకే ముప్పావు గంట దాకా పడుతుంది. గంటకు 300 కి.మీ. పోయే చిన్న విమానమైతే గంట పైమాటే.

ఇదంతా వాతావరణం బాగుంటేనే. ఉట్కియాగ్విక్‌లో చలికాలం సుమారు 65 రోజులు సూర్యుడు ఉదయించడు. ఆ చీకటి విమానాలకు పెద్ద అడ్డంకి కాదు, రన్‌వేకి దీపాలుంటాయి. అడ్డమల్లా పొగమంచు, మంచు తుఫాను. 1935లో వైలీ పోస్ట్ అనే పైలట్, విల్ రోజర్స్ అనే హాస్య నటుడు ఈ ఊరి సమీపంలోనే విమానం కూలి మరణించారు. అక్కడి విమానాశ్రయానికి వారిద్దరి పేర్లే పెట్టారు.

డెడ్‌హార్స్‌కు దక్షిణం నుంచి 666 కి.మీ. డాల్టన్ రహదారి ఉంది. ఉట్కియాగ్విక్‌కు బయటి నుంచి ఏ రోడ్డూ లేదు. వేసవి చివర సముద్రం మీది మంచు విడిపోయినప్పుడు సరుకుల పడవలు వస్తాయి. మిగతా రోజుల్లో కూరగాయలైనా, మందులైనా విమానంలోనే రావాలి. ఊళ్లో ఆసుపత్రి ఉంది. జబ్బు ముదిరితే మాత్రం రోగిని 1,160 కి.మీ. పైగా దూరాన ఉన్న యాంకరేజ్ నగరానికి విమానంలో తీసుకుపోతారు. గాలిలో ఆ దారి జెట్‌కు రెండు గంటల లోపే. పొగమంచు కమ్మితే ఆ రోగి అది విడిపోయేదాకా అక్కడే ఆగాలి.