నలభై అంశాలు, ఒక అంకె: ఆటిజాన్ని కొలిచే భారతీయ మాపని

ప్రజ్ఞను ఎలా కొలుస్తారో ఇంతకుముందు చదివారు. ఆటిజాన్ని కొలవడం అంతకంటే చిక్కైన పని. రక్తపరీక్షలోగాని, స్కానింగులోగాని అది బయటపడదు. అమెరికాలో లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లల గురించి వ్యాసం ప్రచురించిన నాటి నుంచి ఇప్పటిదాకా పిల్లల ప్రవర్తనను గమనించడమే ఆధారం.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు రకాల వైకల్యాలలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం దానిని పేర్కొన్నది. కాని వైకల్యం ఎంత ఉందో చెప్పడానికి మనదైన మాపని ఉండాలి కదా. విదేశీ మాపనులను ఉన్నవున్నట్టు వాడితే ఇబ్బంది ఉంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడకుండా తల దించుకోవడం మన ఇళ్ళలో అణకువ. ఆ పరీక్షలలో అదే ఒక లక్షణంగా లెక్కకు రావచ్చు. సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఈ పనికి పూనుకొని తయారుచేసిన మాపని 2009లో వెలువడింది. దీనిని ఐ.ఎస్.ఎ.ఎ. అంటారు.

ఇందులో 40 అంశాలు, ఆరు విభాగాలు. సాంఘిక సంబంధాలకు 9, ఉద్వేగ స్పందనకు 5, భాషకు, భావప్రసారానికి 9, ప్రవర్తనా రీతులకు 7, ఇంద్రియ సంబంధమైన వాటికి 6, సంజ్ఞానానికి 4. పరీక్షకుడు పిల్లవాడిని గమనించి, తల్లిదండ్రులను అడిగి, ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కు వేస్తాడు. ఆ లక్షణం అరుదుగా కనిపిస్తే 1, ఎప్పుడూ ఉంటే 5. ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడతారు: ఏ లక్షణమూ లేని పిల్లవాడికి వచ్చేది సున్న కాదు, 40. మొత్తం 70కి లోపు ఉంటే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని నిర్ణయిస్తారు.

జి.కొండూరులో ఒక అయిదేళ్ళ బాబు ఉన్నాడనుకుందాం. "పిలిస్తే పలుకుతాడా అమ్మా?" అని అడిగితే తల్లి "పలుకుతాడండీ" అంటుంది. బిస్కెట్టు పొట్లం చప్పుడుకు తిరిగి చూడటాన్ని కూడా ఆమె పలకడంగానే లెక్కవేస్తుంది. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలెండి" అని నాయనమ్మ సర్దిచెబుతుంది. వాళ్ళు అబద్ధమాడటం లేదు. బిడ్డకు ఏదో లోపముందని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. "నిన్న పొద్దున ఎన్నిసార్లు పిలిచావు? ఎన్నిసార్లు చూశాడు?" అని అడిగితేగాని అసలు సంగతి తేలదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మొత్తం 66 వచ్చిన పిల్లవాడికి నాలుగు అంశాలలో ఒక్కో మెట్టు పైకి మారితే 70 అవుతుంది. ధ్రువపత్రాలకు ఈ మాపనినే వాడాలని కేంద్రప్రభుత్వం 2016లో ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఆటిజాన్నీ చేర్చింది. ఆ చట్టం కింద పలు సౌకర్యాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఈ మాపనిలో 70 మార్కులకు సమానంగా తీసుకునేది ఆ 40 శాతాన్నే. సదరం పత్రం కోసం విజయవాడ బస్సెక్కిన కుటుంబానికి 66కీ 70కీ మధ్య ఎంత దూరముందో ఊహించండి.

బాగా మాట్లాడగలిగి, తోటిపిల్లలతో మాత్రం కలవలేని పిల్లవాడి విషయంలో నాకు మరో అనుమానం. భాషా విభాగంలో మార్కులు తగ్గి, మొత్తం 70కి లోపే ఆగిపోవచ్చు. అతని కష్టం ఆ అంకెలో కనిపించదు. అందుకే పరీక్షకుడు మొత్తంతోపాటు ఆరు విభాగాల మార్కులనూ విడివిడిగా చూడాలి.

అభ్యాసం: ఒక బాలికకు 30 అంశాలలో 1 చొప్పున, 6 అంశాలలో 4 చొప్పున, 4 అంశాలలో 3 చొప్పున మార్కులు వచ్చాయి. మొత్తం ఎంత? ఏ రెండు అంశాల గురించి తల్లిని మళ్ళీ అడుగుతారు? ఎలా అడుగుతారు?