అర్ధరాత్రి చార్మినార్ దగ్గర ఫుడ్.. షుగర్‌కి లింకేంటి? ఆకలి పుట్టించే 'గ్రెలిన్' కథ ఇదే!

రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర రాత్రికి, పగటికి తేడా ఉండదు. లాడ్ బజార్‌లో గాజులు, పత్తర్‌గట్టిలో బట్టల షాపింగ్.. మధ్యలో హలీమ్, ఆ తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇంటికెళ్లేసరికి 2 దాటుతుంది. మర్నాడు ఉపవాసం లేనివాళ్లకు కూడా ఆకలి మామూలు కంటే ఎక్కువేస్తుంది. "రాత్రి అంత తిన్నాం కదా, మళ్లీ ఇంత ఆకలేంటి?" అని మీకూ అనిపించిందా? దీని వెనుక ఉన్న హార్మోన్ పేరు గ్రెలిన్.

ఏంటీ గ్రెలిన్?

1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం దీన్ని కనిపెట్టింది. ఇది ఎక్కువగా పొట్టలోనే తయారవుతుంది. పొట్ట ఖాళీ అయితే పెరుగుతుంది, తింటే తగ్గుతుంది. మనం రోజూ తినే టైమ్‌ను కూడా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఆ టైమ్ దగ్గరపడగానే ఆకలి మొదలవుతుంది.

షుగర్‌తో సంబంధం ఏంటి?

గ్రెలిన్ పని ఆకలి పుట్టించడం ఒక్కటే కాదు. పాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ విడుదలను కూడా తగ్గిస్తుంది. గ్రోత్ హార్మోన్‌ను పెంచుతుంది. దీంతో రక్తంలో గ్లూకోజ్ మరీ పడిపోకుండా ఉంటుంది. అంటే తిండి లేనప్పుడు ఇది మనకు రక్షణ కవచం. చిక్కంతా ఎక్కడంటే.. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు గ్రెలిన్‌ను నేరుగా రక్తంలోకి ఎక్కించి చూసిన ప్రయోగాల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయలేదు, గ్లూకోజ్ పెరిగింది.

అలాగని గ్రెలిన్ ఎక్కువైతేనే షుగర్ వస్తుందని అనుకోవద్దు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఇది సాధారణంగా తక్కువే ఉంటుంది. వాళ్లు డైటింగ్‌తో బరువు తగ్గితే మాత్రం పెరుగుతుంది. తగ్గిన బరువు మళ్లీ రావడానికి ఇదీ ఒక కారణం.

నిద్ర తగ్గితే..

ఇక్కడే ఉంది అసలు మెలిక. 2004లో అమెరికాలో 12 మంది యువకులపై ఓ అధ్యయనం జరిగింది. వరుసగా రెండు రాత్రులు 4 గంటలే పడుకుంటే, 10 గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. స్వీట్లు, ఉప్పగా ఉండేవి, అన్నం, బ్రెడ్ లాంటి వాటిపై మనసు ఎక్కువగా పోయింది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ పనితీరు కూడా దెబ్బతింటుందని వేరే పరిశోధనల్లో తేలింది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారు. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మరి ఏం చేయాలి?

* హలీమ్‌లో మాంసం, పప్పులతో ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్ గ్రెలిన్‌ను ఎక్కువసేపు అదుపులో ఉంచుతుంది. కానీ నెయ్యి, గోధుమ కూడా ఉంటాయి కాబట్టి ఒక ప్లేట్‌తో ఆపండి.
* చాయ్-బిస్కెట్, షర్బత్ లాంటి తీపి వల్ల గ్రెలిన్ త్వరగా తగ్గి, మళ్లీ అంతే త్వరగా లేస్తుంది. కాసేపటికే ఇంకేదైనా తినాలనిపిస్తుంది.
* బజార్‌కి వెళ్లాలంటే ఇఫ్తార్ అయ్యాక త్వరగా వెళ్లి రండి. సహర్‌కి లేచేవాళ్లు మధ్యాహ్నం కాసేపైనా పడుకోండి.
* షుగర్ ఉండి ఉపవాసం ఉండేవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు, రంజాన్‌కు ముందే డాక్టర్‌ను కలిసి మందుల టైమ్, డోసు మార్చుకోవాలి. రీడింగ్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే "ఇఫ్తార్‌కి ఇంకో గంటే కదా" అని ఆగొద్దు. వెంటనే ఏదైనా తీపి తీసుకుని, షుగర్ చెక్ చేయించుకోండి.